పున్నమి ఘాట్ దగ్గర హామ్ రేడియో కేంద్రం: బ్యాండు, ఏంటెన్నా ఎంచుకునే ముందు

మీ ప్రశ్న సారాంశం ఇది. సంక్రాంతికి ముందు వచ్చే ఆదివారం నాడు భవానీపురం ప్రాంతంలోని కాలనీ సంఘాలు కలిసి విజయవాడలో కృష్ణ ఒడ్డున ఉన్న పున్నమి ఘాట్ నుంచి బస్టాండు పక్కనున్న పద్మావతి ఘాట్ వరకు ఒక పరుగు, ఆ తరువాత సాయంత్రం దాకా పున్నమి ఘాట్ దగ్గరే సంబరాలు నిర్వహిస్తున్నాయి. కళాశాల విద్యార్థులు, కొందరు పెద్దలు కలిసి నడుపుతున్న మీ హామ్ (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో) క్లబ్బును అక్కడ ఒక కేంద్రం పెట్టమని, పరుగు మార్గంలో సమాచారం చేరవేయడంలో సాయపడమని కోరారు. ఆరుబయట పని చేయడం మీకు ఇదే మొదటిసారి కనుక ఏ బ్యాండు (తరంగ దైర్ఘ్యం పేరుతో పిలిచే పౌనఃపున్యాల వరుస), ఏ ఏంటెన్నా, ఎంత పవర్, ఎవరి అనుమతి అన్న సందేహాలు అడిగారు. ఇరవై మీటర్ల బ్యాండు మీద వంద వాట్లతో విదేశాలను పట్టుకుని జనానికి చూపించాలని మీరు అనుకుంటున్నట్లు కూడా రాశారు.

ఈ చివరి ఆలోచనను ముందుగా పక్కన పెట్టమని కోరుతున్నాను. గుంటూరు, విజయవాడలలో ఇటువంటి కార్యక్రమాలలో చాలా ఏళ్లుగా పాల్గొంటున్న అనుభవంతో చెబుతున్నాను: ఆరుబయట పెట్టే కేంద్రంలో ప్రతి నిర్ణయమూ బల్ల ముందు నిలబడిన మనిషికి ఏం వినిపిస్తుంది అన్న ప్రశ్నతోనే మొదలు కావాలి. హోరులో మునిగిపోయిన ఇటలీ స్వరం ఒకటి కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), ఐదు తొమ్మిది (బాగా వినబడుతోందన్న సంకేతం) అని చెప్పి వెళ్లిపోతే మనకు ఒళ్లు పులకరిస్తుంది గానీ, పిల్లవాడిని చంకనెత్తుకుని వచ్చిన తల్లికి అందులో అర్థమయ్యేది ఏమీ ఉండదు. అదే స్పీకరులోంచి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన స్పష్టమైన తెలుగులో "నమస్కారం, మాకు ఇక్కడ తెల్లవారుజామున మంచు కురిసింది, మీకు కృష్ణ ఒడ్డున ఎలా ఉంది?" అని అడిగితే ఆమె ఆగుతుంది, వెనక వస్తున్న వారిని కూడా ఆపుతుంది.

ఈ దృష్టితో చూస్తే మీ ముఖ్యమైన బ్యాండు నలభై మీటర్లు అవుతుంది. ఇరవై మీటర్ల బ్యాండులో మన సంకేతం ఆకాశంలోకి వాలుగా వెళ్లి, అయానావరణంలో (పై ఆకాశంలోని విద్యుదావేశపు పొరలలో) వంగి, చాలా దూరంలో నేలకు దిగుతుంది. మధ్యలో ఉన్న ప్రాంతం మూగగా మిగిలిపోతుంది కనుక హైదరాబాదు, తిరుపతి, చెన్నై మీకు దాదాపు వినిపించవు. నలభై మీటర్ల బ్యాండులో, అంటే ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర, ఏంటెన్నాను తక్కువ ఎత్తులో కట్టినప్పుడు, సంకేతంలో అధిక భాగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, సుమారు 250 నుంచి 300 కిలోమీటర్ల ఎత్తులో ఉండే ఎఫ్ పొర నుంచి వెనక్కి తిరిగి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర గొడుగులాగా పరుచుకుంటుంది. విజయవాడ నుంచి హైదరాబాదు, విశాఖ, కర్నూలు, తిరుపతి అన్నీ ఆ పరిధిలోకి వస్తాయి. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఇది చాలా బాగుంటుంది. మధ్యాహ్నం కింది డి పొర శక్తిని పీల్చుకోవడం వలన స్వరాలు నీరసిస్తాయి కానీ పూర్తిగా పోవు, మళ్లీ మూడున్నర దాటాక కోలుకుంటాయి. మధ్యాహ్నపు వేళ కావాలంటే ఇరవై మీటర్లకు మారి ఢిల్లీ, కోల్‌కతా వంటి దూరపు నగరాలను వినిపించండి. విదేశాలు తగిలితే సంతోషమే, అయితే కార్యక్రమాన్ని వాటి మీద ఆధారపడేటట్లు రూపొందించవద్దు.

ఏంటెన్నా సంగతి ఇంతకంటే సులభం. ఒక్కొక్క వైపు పది మీటర్ల తీగ ఉన్న డైపోల్, మధ్యలో ఒకటికి ఒకటి బాలన్ (తీగలను కేబులుకు కలిపే చిన్న ట్రాన్స్‌ఫార్మరు), దానిని ఎనిమిది, తొమ్మిది మీటర్ల వెదురు బొంగు మీదికి ఎత్తి రెండు కొసలను వాలుగా దించితే మీ పని పూర్తవుతుంది. తలకిందులైన వీ ఆకారంలో కట్టినప్పుడు తీగ పొడవు కొంచెం తగ్గించవలసి వస్తుంది. కనుక కొసలను ముందే కత్తిరించకుండా మడిచి పెట్టుకుని, అక్కడికి వెళ్లిన తరువాత ఏంటెన్నాను కొలిచే ఎనలైజరుతో చూసుకుంటూ సరిచేయండి. ప్రసారం జరుగుతున్నప్పుడు డైపోల్ కొసల దగ్గర వోల్టేజి చాలా ఎక్కువగా ఉంటుంది, తాకిన చేయి కాలుతుంది. అందువలన కొసలు ఎక్కడా మూడు మీటర్ల కంటే కిందికి రాకూడదు, అక్కడి నుంచి నేల వరకు నైలాన్ తాడే ఉండాలి. ఆ తాళ్లకు మనిషి కంటి ఎత్తులో ఎర్ర గుడ్డ పీలికలు కట్టండి, ఎందుకంటే సాయంత్రం వెలుతురు తగ్గాక పరుగెత్తే పిల్లలకు తాడు కనబడదు. బొంగు ఏ వైపు ఒరిగినా కరెంటు తీగల మీద పడే అవకాశం లేని చోటునే ఎంచుకోండి. ఈ ఒక్క విషయంలో నిర్వాహకులు ఎంత ఒత్తిడి చేసినా, స్టాలు ఎంత మంచి చోట ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. సంక్రాంతి రోజులు కనుక గాలిపటాల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తెగిన మాంజా ఏంటెన్నాకు చుట్టుకుంటే పిల్లలు దాన్ని లాగడానికి ప్రయత్నిస్తారు. బొంగు దగ్గర ఎప్పుడూ ఒకరు ఉండేటట్లు వంతులు వేసుకోండి.

పవర్ విషయంలో మీ వంద వాట్ల ఆలోచనకు నా సలహా ఇరవై ఐదు వాట్లు. వంద నుంచి ఇరవై ఐదుకు తగ్గితే అవతలి వారి మీటరులో తేడా ఒక్క ఎస్ యూనిట్ (సంకేత బలం కొలతలో ఒక మెట్టు) మాత్రమే, మాట అర్థం కావడంలో పెద్ద మార్పు ఉండదు. లాభాలు మాత్రం చాలా ఉన్నాయి. మీ పక్కనే వేదిక మీద మైకులు, వాటి నుంచి స్పీకర్ల దాకా పరిచిన పొడవైన తీగలు ఉంటాయి. ఆ తీగలు మీ ప్రసారాన్ని ఏంటెన్నాల్లాగే పట్టుకుని, ముఖ్య అతిథి ప్రసంగం మధ్యలో మీ గొంతును గరగరలుగా వినిపిస్తాయి. అలా ఒకసారి జరిగితే మళ్లీ ఏడాది మిమ్మల్ని పిలవరు. వేదికకు వీలైనంత దూరంగా ఏంటెన్నా కట్టడం, సౌండు నిర్వాహకుడితో ముందు రోజే పరిచయం చేసుకుని అతని మిక్సరు దగ్గర తీగలకు రేడియో శక్తిని అడ్డుకునే ఫెర్రైట్ రింగులు బిగించడం, పవర్ తగ్గించడం, ఈ మూడూ కలిస్తే సమస్య చాలా వరకు తీరుతుంది. అవతలి దిశలో వచ్చే సమస్య ఎల్ఈడీ దీపాలది. అలంకరణకు వేలాడదీసే చవకరకం సీరియల్ సెట్లు, వాటి అడాప్టర్లు నలభై మీటర్ల బ్యాండు నిండా బుసలు పుట్టిస్తాయి. ముందు సాయంత్రమే వెళ్లి రేడియో సెట్టును, అంటే రిగ్‌ను బ్యాటరీ మీద నడిపి, దీపాలు వెలిగించకముందు ఒకసారి, వెలిగించాక ఒకసారి విని చూస్తే ఏ వరుస దీపాలు మీ స్టాలు పక్కన వద్దో తెలుస్తుంది.

జనరేటరు మీద ఆధారపడకండి. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే పెద్ద 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, దానికి తోడు మరొకటి ఉంటే ఇరవై ఐదు వాట్ల ఎస్ఎస్‌బీకి (హామ్‌లు మాటలు ప్రసారం చేసే పద్ధతికి) రోజంతా సరిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ సామర్థ్యంలో సగం దాకానే వాడాలన్న లెక్కతో వెళ్లండి. ప్లస్, మైనస్ తీగలు రెండింటికీ బ్యాటరీ దగ్గరే ఫ్యూజులు ఉండాలి, టెర్మినళ్ల మీద రబ్బరు మూతలో పాత ట్యూబు ముక్కలో తప్పక ఉండాలి. బ్యాటరీ చూపించి "కరెంటు లేకపోయినా ఇది పని చేస్తుంది" అని చెప్పడం సందర్శకుల మీద చాలా ప్రభావం చూపుతుంది కనుక దాన్ని బల్ల కింద దాచకుండా జనాన్ని ఆపే తాడు అవతల కనబడేటట్లు పెట్టండి.

ఇప్పుడు పరుగు మార్గం. దీనిని ప్రదర్శన కేంద్రంతో కలపకండి. వేరే ఆపరేటర్లు, వేరే బల్ల, వేరే బ్యాండు ఉండాలి. ప్రదర్శన దగ్గర గుమిగూడిన జనం మధ్య కూర్చున్న వ్యక్తి మార్గంలోంచి వచ్చే అత్యవసర పిలుపును వినలేడు. మార్గానికి రెండు మీటర్ల బ్యాండు, అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, సరైనది. ఐదు వాట్ల హ్యాండీలు (చేతిలో పట్టుకునే రేడియోలు) చాలు. విజయవాడలో చిక్కు దూరంతో కాదు, కొండలతో వస్తుంది. పున్నమి ఘాట్ ఇంద్రకీలాద్రికి పడమర వైపు, పద్మావతి ఘాట్ తూర్పు వైపు ఉన్నాయి; కొండ పాదం నది దాకా దిగి వచ్చి, కనకదుర్గ ఫ్లైఓవరు కూడా ఆ వంపు చుట్టూనే తిరుగుతుంది. కుమ్మరిపాలెం దాటిన తరువాత దుర్గా ఘాట్ పరిసరాలలో మీ హ్యాండీ నేరుగా పున్నమి ఘాట్‌కు అందకపోవచ్చు. దీనికి చక్కని ఉపాయం నదికి అవతలి ఒడ్డు. సీతానగరం వైపు ఘాట్ దగ్గర ఒక ఆపరేటరును కూర్చోబెడితే, నీటి మీదుగా ఎటూ అడ్డు లేకుండా కొండకు రెండు వైపులా చూడగలుగుతాడు, ఒక వైపు విన్నది మరొక వైపుకు తిరిగి చెప్పగలుగుతాడు. రిపీటరు (విన్నదాన్ని తిరిగి ప్రసారం చేసే యంత్రం) లేని చోట మనిషే రిపీటరు. మీరు వారం ముందే ఇద్దరిద్దరుగా మార్గమంతా నడిచి, ఎక్కడ నుంచి ఎవరు ఎవరికి వినబడుతున్నారో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ ప్రణాళిక. మార్గంలోని రేడియోలన్నీ కలిసి ఒక నెట్; దాన్ని నడిపే నెట్ కంట్రోల్ దగ్గర హ్యాండీకి ఉండే పుల్లలాంటి ఏంటెన్నాకు బదులు ఐదారు మీటర్ల ఎత్తులో ఒక మంచి నిలువు ఏంటెన్నా ఉండాలి, దానికి సన్నని ఆర్‌జీ 58 కేబులు ఇరవై మీటర్లు వాడితే ఈ పౌనఃపున్యంలో శక్తి సగానికి పైగా కేబులులోనే పోతుంది కనుక లావు కేబులు తీసుకోండి లేదా పొడవు బాగా తగ్గించండి.

నెట్ క్రమశిక్షణ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కుర్రవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక్కరే నెట్ కంట్రోల్. మిగిలిన వారందరూ ఆయన పిలిస్తేనే, లేదా ఆయన అనుమతి తీసుకునే మాట్లాడాలి. స్థలాల పేర్లతోనే పిలుచుకోండి: "కుమ్మరిపాలెం", "దుర్గా ఘాట్", "బ్యారేజీ", "చివరి వాహనం". ఆపరేటరు మారినా స్థలం మారదు. అయితే మాట మొదలుపెట్టినప్పుడు, ముగించేటప్పుడు ఎవరి కాల్ సైన్ వారు తప్పక చెప్పాలి. మాటలు తెలుగులోనే ఉండనివ్వండి, అంకెలు మాత్రం ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో చెప్పండి, ఎందుకంటే హోరులో "ఎనభై", "తొంభై" ఒకేలా వినబడతాయి. ఎవరైనా రన్నరు కళ్లు తిరిగి పడిపోతే చొక్కా మీది నంబరు, స్థలం, స్పృహ ఉందా లేదా అన్నవి మాత్రమే చెప్పండి. పేరు, ఊరు, జబ్బు వివరాలు గాలిలో చెప్పవద్దు, మన మాటలను ఎవరైనా వినవచ్చు. అంబులెన్సుకు ముందుగా 108కి ఫోన్ చేయించండి, రేడియోలో చెప్పడం దాని తరువాతి పని. ఫోన్ పని చేస్తుండగా రేడియో గొప్ప చూపించుకోవడానికి నిమిషం వృథా చేయడం మన విద్యకు అవమానమని నేను గట్టిగా నమ్ముతాను. చివరి రన్నరు చేరాక కూడా నెట్ ముగించకండి. ఒక్కొక్క స్థలాన్ని పిలిచి, అక్కడి ఆపరేటరు బయలుదేరాడో లేదో రాసుకుని, సీతానగరం నుంచి వచ్చే వ్యక్తి బ్యారేజీ దాటి చేరాక ముగించండి.

అనుమతుల విషయం. లైసెన్సులో మీ కేంద్రం చిరునామా రాసి ఉంటుంది. వేరే చోట కేంద్రం నడపాలన్నప్పుడు ఢిల్లీలో హామ్ లైసెన్సులు ఇచ్చే డబ్ల్యూపీసీ విభాగానికి ముందుగా, కనీసం నెలా రెండు నెలల ముందు, తేదీ, స్థలం, బాధ్యుడి వివరాలతో రాసి అనుమతి పత్రం తెప్పించుకోండి. ప్రత్యేక కాల్ సైన్ కావాలన్నా అడగవలసినది అక్కడే. పోలీసు కమిషనరేటుకు, నగరపాలక సంస్థకు నిర్వాహకులు పెట్టుకునే దరఖాస్తులలోనే మీ కేంద్రం గురించి ఒక పేరా చేర్పించండి. గుడి, బ్యారేజీ రెండూ భద్రత ఉన్న ప్రదేశాలు కనుక హ్యాండీ పట్టుకుని నిలబడిన కుర్రవాడిని కానిస్టేబులు ప్రశ్నించడం సహజం, ప్రశ్నించాలి కూడా. ప్రతి ఆపరేటరు దగ్గర అసలు లైసెన్సు, అనుమతి పత్రం నకలు ఉండాలి, జవాబు వినయంగా ఉండాలి. వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్లు ఉన్న రెస్ట్రిక్టెడ్ గ్రేడు (తొలి స్థాయి లైసెన్సు) వారు తమ పవర్ పరిమితి యాభై వాట్లని మరచిపోకూడదు. జనరల్ గ్రేడుకు నాలుగు వందలు ఉన్నా, ఘాట్ దగ్గర దాని అవసరం లేదని పైన చెప్పాను.

అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన సందర్శకుల గురించి. "అంకుల్, నేనొకసారి మాట్లాడతాను" అని పిల్లలు అడుగుతారు, నిర్వాహకుల పెద్దలు కూడా అడుగుతారు. లైసెన్సు లేని వారి చేతికి మైకు ఇవ్వరాదు. ఎవరి తరఫునా వ్యక్తిగత సందేశాలు, వ్యాపార ప్రకటనలు, స్పాన్సర్ల పేర్లు ప్రసారం చేయరాదు. విపత్తుల సమయంలో ఈ నియమానికి సడలింపు ఉంది కానీ పండుగ సంబరం విపత్తు కాదు. కాదన్నంత మాత్రాన పిల్లలను నిరాశతో పంపనక్కరలేదు. ప్రసారంతో సంబంధం లేకుండా, మోర్స్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే సంకేతం) సాధనకు కీ నొక్కితే కూతపెట్టే ఆసిలేటరు ఒకటి, దానికి ఒక కీ బల్ల మీద పెట్టండి. పిల్లవాడి పేరును డాట్లు, డాష్‌లుగా చీటీ మీద రాసిచ్చి వాడి చేతనే కొట్టించండి, వాడు కదలడు. శ్రీహరికోట నుంచి 2005 మే 5న ఇస్రో మన హామ్‌ల కోసమే హామ్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపిందని, అది 2014 దాకా పని చేసిందని చెప్పండి. ఆ సమయానికి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్లే వేళ ఏదైనా కుదిరితే 145.800 మెగాహెర్ట్జ్ దగ్గర వినే ప్రయత్నం చేయండి. వినబడకపోయినా, ఆకాశంలో దాని దారి వేలితో చూపించగలగడం వారికి గుర్తుండిపోతుంది.

స్పీకరును సందర్శకుల వైపు తిప్పి పెట్టి, ఆపరేటరు విడిగా హెడ్‌ఫోను వాడాలి. ఆపరేటరు పక్కన ఎప్పుడూ ఒక వ్యాఖ్యాత నిలబడాలి. ఇప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు, ఏ ఊరు, ఎంత దూరం అన్నది ఆయన చెబుతూ, గోడకు తగిలించిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పటం మీద రంగు పిన్ను గుచ్చాలి. ఈ పని మంచి ఆపరేటరు కంటే మంచి మాటకారికి అప్పగించండి. రెండు వారాల ముందే ఇతర జిల్లాల హామ్‌లకు కబురు పెట్టి, గంటకు ఇద్దరు చొప్పున మీరు వాడే పౌనఃపున్యం దగ్గర ఉండమని కోరండి. ఏర్పాటు చేసుకున్న సంభాషణ ప్రదర్శనకు తక్కువ కాదు. సంభాషణలు నమోదు చేసే లాగ్ పుస్తకంలో సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాస్తారు కనుక మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసివేసిన గడియారం ఒకటి బల్ల మీద ఉంచండి, దాని గురించి కూడా జనం అడుగుతారు.

వారు తప్పక అడిగే మరో ప్రశ్న, చేతిలో ఫోన్ ఉండగా ఇది ఎందుకు అన్నది. దీనికి విజయవాడలో జవాబు వెతుక్కోనవసరం లేదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారినప్పుడు, మేడల మీద చిక్కుకున్న కుటుంబాలకు కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగు లేదు. మీ ముందు నిలబడిన వారిలో కొందరు ఆ నీళ్లలోంచి వచ్చిన వారే అయి ఉంటారు. వయసు మళ్లిన వారికి 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తుండే ఉంటుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, అండమాన్‌లో ప్రసారాల కోసం వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారి బృందం తమ రేడియోలతో అక్కడి సమాచారాన్ని బయటి ప్రపంచానికి చేరవేసిన సంగతి చెప్పండి. ఆమె మన హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన వారు. అయితే హామ్ ఉంటే ప్రాణాలన్నీ నిలుస్తాయన్నట్లు అతిశయోక్తులు చెప్పవద్దు. వరదలో పడవ, ఆహారం, మందులు ముందు. ఏ మేడకు ఏది కావాలో సరిగా చెప్పగలిగే మార్గం ఒకటి నిలిచి ఉండటం మాత్రమే మన వంతు, అదే చాలా విలువైన వంతు.

ఆసక్తి చూపిన వారి పేర్లు, ఫోన్ నంబర్లు ఒక నోటు పుస్తకంలో రాయించుకోండి. పన్నెండేళ్లు నిండిన వారెవరైనా పరీక్ష రాయవచ్చని, రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అవసరం లేదని, ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, నియమావళి చదివితే చాలునని చెప్పండి. చాలామంది తల్లిదండ్రులు "ఇంజనీరింగు చదివితేనే వస్తుందేమో" అనుకుని వెనకాడతారు, ఆ అనుమానాన్ని అక్కడికక్కడే తీర్చండి. మొదటి తరగతి తేదీ, స్థలం అచ్చు వేయించిన చీటీలు సిద్ధంగా ఉండాలి. ఆ తేదీ పండుగ తరువాతి ఆదివారం కాకుండా ఇంకొక వారం ఆగి పెట్టండి, కనుమ అయ్యాక కూడా సగం ఊరు అమ్మమ్మ, నాయనమ్మ ఇళ్ల దగ్గరే ఉంటుంది. తరగతికి రెండు రోజుల ముందు పుస్తకంలోని ప్రతి నంబరుకూ మీలో ఒకరు స్వయంగా ఫోన్ చేసి పిలవండి.